పురుడు ఎక్కడో తేల్చాల్సింది అమ్మా అత్తగారా?

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఉంటాం. నా భార్యకి ఇప్పుడు 35వ వారం, తొలి కాన్పు. పురుడు పుట్టింట్లోనే జరగాలని వాళ్లమ్మగారు సూర్యాపేట తీసుకెళ్తానంటున్నారు. మా అమ్మేమో పంతులుగారిని అడిగి 38వ వారంలో మంచి నక్షత్రం చూసిపెట్టింది, ఎలాగూ ఆపరేషనే చేస్తారు కదా ఆ రోజే చేయిద్దాం అంటోంది. బిడ్డ పుట్టకముందు ఏమీ కొనకూడదని మాత్రం ఇద్దరూ ఒకటే మాట, ఇంట్లో ఒక్క గుడ్డ కూడా సిద్ధంగా లేదు. నా భార్య ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు, రాత్రిళ్లు ఏడుస్తోంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో మీ అత్తగారు ఏమన్నారో ఉంది, అమ్మగారు ఏమన్నారో ఉంది, పంతులుగారు ఏ నక్షత్రం చెప్పారో కూడా ఉంది, కానీ కనబోయే మనిషి ఏమంటోందో ఒక్క ముక్క లేదు. మీకు ఆవిడ మీద ప్రేమ లేదని నేననను, లేకపోతే రాత్రిళ్లు ఏడుస్తోందని మీకు తెలిసేదే కాదు. పెద్దవాళ్లిద్దరి మధ్య నలిగిపోతూ అసలు మనిషిని అడగడం మర్చిపోయారు, అంతే. ముందు ఆ పని చెయ్యండి, ఇవాళే.

"ఎందుకేడుస్తున్నావు" అని అడిగితే "ఏం లేదు" అనే జవాబే వస్తుంది. సూటిగా మూడు సంగతులు అడగండి. ఎక్కడ కనాలని ఉంది, నొప్పులప్పుడు పక్కన ఎవరుంటే ధైర్యంగా ఉంటుంది, ఇంటికొచ్చాక మొదటి నెల ఎవరు దగ్గరుండాలి. ఆవిడ చెప్తున్నప్పుడు మధ్యలో "మా అమ్మ ఉద్దేశం అది కాదు" అని అందుకోకండి, ఆ ఒక్క మాటతో తలుపు మూసుకుపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి, ఈ చివరి వారాల్లో నిద్ర పట్టదు, నడుము లాగేస్తుంది, కాన్పు ఎలా ఉంటుందో అన్న భయం చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడతారు, అందుకని ఆ ఏడుపంతా మీ ఇంటి గొడవ వల్లే అనుకోకండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా, తిండి మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా వెంటనే డాక్టరుకి చెప్పాలి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ వాళ్లు ఏ వేళైనా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే.

ఇక ముహూర్తం సంగతి. ఇక్కడ నేను మెత్తగా చెప్పలేను. డాక్టరు అవసరం అనకుండా, నక్షత్రం కోసం 38వ వారంలో కోత పెట్టించకండి. 39 వారాలు నిండకముందు కారణం లేకుండా తీసిన పిల్లల్లో ఊపిరి ఇబ్బందులు ఎక్కువ, అలాంటి బిడ్డని అమ్మ పక్కన కాకుండా ఐసీయూలో పెట్టాల్సి రావచ్చు. "ఎలాగూ ఆపరేషనే" అని మీ అమ్మగారు అనడంలో ఆశ్చర్యం లేదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే, దేశం మొత్తమ్మీద చూస్తే 21.5 శాతం. చుట్టూ అందరికీ అదే జరుగుతుంటే మామూలు అనిపిస్తుంది. నిజంగా అవసరమైనప్పుడు ఆపరేషన్ ప్రాణాలు కాపాడుతుంది, అప్పుడు ఒక్క నిమిషం కూడా వెనకాడొద్దు. కాకపోతే ఆ అవసరం డాక్టరు తేల్చాలి.

ఈ మాట మీ అమ్మగారికి మీరే చెప్పాలి. "తనకి ఇష్టం లేదమ్మా" అని భార్య మీదకి నెట్టారో, ఆ కోడలు పదేళ్లు మాట పడుతుంది. "అమ్మా, నేనే వద్దనుకున్నాను, డాక్టరమ్మ చెప్పినప్పుడే అవుతుంది" అనండి. ఆ వెంటనే 21వ రోజు బారసాలకి ముహూర్తం పెట్టించే పని, తొట్టెల వేడుక పని మొత్తం ఆవిడకే అప్పగించండి. ఆవిడ అడుగుతున్నది మనవడో మనవరాలో వస్తుంటే తన చెయ్యి కూడా ఒకటి ఉండాలని, అది తీర్చే దారి ఇది.

పుట్టింటికి వెళ్లడం సంగతి మీ భార్య ఇష్టాన్ని బట్టి. వెళ్లాలని ఉంటే ఆపకండి, అమ్మ దగ్గర కనాలనుకోవడం చాలామంది ఆడవాళ్లకి ఎంత ధైర్యమో నాకు తెలుసు. కానీ వెళ్లేదేదో త్వరగా వెళ్లాలి. నెలలు నిండాక విజయవాడ హైవే మీద రెండు మూడు గంటల ప్రయాణం పెట్టుకోవద్దు, బీపీ గానీ షుగర్ గానీ ఉంటే డాక్టర్ని అడగందే అసలు కదలొద్దు. అక్కడ చూపించబోయే ఆసుపత్రికి ఈ తొమ్మిది నెలల ఫైలు మొత్తం తీసుకెళ్లి ముందే ఒకసారి చూపించండి. రాత్రిపూట డాక్టరు ఉంటారా, రక్తం దొరుకుతుందా, పుట్టిన బిడ్డకి ఇబ్బందైతే ఐసీయూ అక్కడే ఉందా అని అడగండి. ఇక్కడే ఉంటానంటే మాత్రం మీ అత్తగారినే మియాపూర్ పిలిపించుకోండి, పుట్టిల్లు ఎక్కడున్నా తల్లి దగ్గరుంటే పురుడు పుట్టింట్లో అయినట్టే అని ఆవిడకి నచ్చజెప్పడం పెద్ద కష్టమేం కాదు. ఇద్దరమ్మలూ ఒకేసారి ఒకే ఫ్లాట్‌లో వద్దు. ముందు నెల అత్తగారు, ఆ తర్వాత అమ్మగారు, లేదా మీ భార్య ఎలా చెప్తే అలా.

ఇక్కడ అయితే ఆసుపత్రి దారి ఒకసారి చూసుకోండి, అది కూడా ఆదివారం కాదు, పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసుల రద్దీలో. రాత్రి ఏ గేటు తీసి ఉంటుందో కనుక్కోండి. కారుకో క్యాబ్‌కో దారి లేకపోతే 108. ప్యాకేజీ ఎంతో అడిగినప్పుడు ఆపరేషన్ అయితే ఎంత, బిడ్డని ఐసీయూలో పెడితే రోజుకెంత అని విడిగా అడగండి, ఎక్కువమంది బిల్లు దగ్గర దెబ్బతినేది అక్కడే. ఇన్సూరెన్స్ ఉంటే కాన్పు ఖర్చుకి పరిమితి ఎంతో, బిడ్డకి మొదటి రోజు నుంచి వర్తిస్తుందో లేదో చూడండి. డబ్బుకి ఇబ్బందైతే పేట్లబురుజు, సుల్తాన్ బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి, అక్కడికి వెళ్లడం చిన్నతనం అనుకోవద్దు. లేబర్ రూంలోకి ఒక మనిషిని రానిస్తారా అని కూడా అడగండి.

కొనకూడదన్న పట్టింపుతో పోట్లాడక్కర్లేదు. పుట్టగానే పాత మెత్తటి గుడ్డల్లో చుట్టడం మన ఇళ్లలో ఉన్నదే కదా, రెండు పాత నూలు చీరలు బాగా ఉతికి, ఎండలో ఆరబెట్టి, చించి ఉంచమని అత్తగారినే అడగండి. సంచిలో ముందు గుండీలున్న నైటీలు, పెద్ద ప్యాడ్లు, ఆ గుడ్డలు, ఫైలు, ఆధార్‌లు, చార్జర్ ఉంటే చాలు. టోపీ, సాక్సులు పుట్టాక మీరు పరిగెత్తి తెస్తారు.

సంచి కంటే ముఖ్యమైనది ఇంకోటుంది. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తలనొప్పి విపరీతంగా వచ్చి చూపు మసకబారినా, మొహం చేతులు ఉన్నట్టుండి వాచినా, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా నొప్పుల కోసం ఎదురుచూడకుండా అప్పుడే బయల్దేరాలి. "కాస్త జ్యూస్ తాగి పడుకో, పొద్దున చూద్దాం" అనే సలహా ఎవరిచ్చినా వినొద్దు. మామూలు నొప్పులైతే, తొలి కాన్పు కాబట్టి, ఐదు నిమిషాలకొకసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయల్దేరవచ్చు, మీ డాక్టరు ఇంకేమైనా చెప్పి ఉంటే అదే పాటించండి.

పుట్టాక జరిగే గొడవలు కూడా ఇప్పుడే తేల్చుకుంటే మంచిది, ఆ రోజు ఎవరికీ ఓపిక ఉండదు. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించాలి, వాటిని పిండి పారబోయకూడదు. నాలుక మీద తేనె, పంచదార నీళ్లు వద్దు, ఏడాది నిండేదాకా తేనె ప్రమాదమే. బాలింతకి పథ్యం పేరుతో మంచినీళ్లు తగ్గించకూడదు, పాలిచ్చే మనిషికి దాహం ఎక్కువ. ఈ మూడూ డాక్టరు నోటితో ఇద్దరమ్మల ముందు చెప్పించండి, వచ్చే చెకప్‌కి వాళ్లని కూడా తీసుకెళ్లండి, మీరు చెప్తే అల్లుడి పెత్తనమో, కొడుకు పెళ్లాం మాట వింటున్నాడనో అవుతుంది.

మీ సెలవు గురించి మేనేజర్‌తో ఈ వారమే మాట్లాడండి. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి సెలవు ఇవ్వాలన్న చట్టం లేదు, మీ కంపెనీ రూల్ ఏముంటే అదే. ఉన్న రోజుల్లో ఎక్కువ భాగం ఇంటికొచ్చాక వాడండి, ఆసుపత్రిలో నర్సులుంటారు, చుట్టాలుంటారు, అసలు నిద్ర లేని రాత్రులు ఇంటికొచ్చాకే మొదలవుతాయి. బర్త్ సర్టిఫికెట్ కోసం వివరాలు ఆసుపత్రి వాళ్లే పంపుతారు, 21 రోజుల్లోపు నమోదు అవ్వాలి. బిడ్డ పేరు తర్వాత చేర్చుకోవచ్చు గానీ మీ ఇద్దరి పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా రాశారో లేదో డిశ్చార్జికి ముందే చూసుకోండి.