షుగర్ లేదన్నారు, మరి మెడ ఎందుకు నల్లబడింది?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 44 ఏళ్లు. చెన్నై షోళింగనల్లూరులో ఐటీ ఉద్యోగం. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, నడుము 98 సెంటీమీటర్లు. కంపెనీ చెకప్‌లో పరగడుపు షుగర్ 98, హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్) 5.6, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వు) 210, హెచ్‌డిఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ఎల్‌డిఎల్ (చెడు కొలెస్ట్రాల్) 118. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద చేసే గుండె పరీక్ష) నార్మల్. అంతా బాగుందన్నారు. మెడ వెనక మాత్రం నల్లగా, మందంగా అయింది, ఎంత రుద్దినా పోదు. నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చింది. ఇన్సులిన్ పరీక్ష, స్కాన్ చేయించుకోవాలా?

జవాబు: ముందు రుద్దడం మానండి, అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు మెడ మడతల్లో, చంకల్లో చర్మం అలా మారుతుంది. మీ కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగ్గా వినడం లేదు. క్లోమం రెట్టింపు చాకిరీ చేసి షుగర్‌ను 98 దగ్గర పట్టుకుంటోంది. అది అలిసిపోయేదాకా షుగర్ రిపోర్టు చక్కగానే వస్తుంది. రక్తనాళాలు అంతదాకా ఆగవు. కాలేయం ట్రైగ్లిజరైడ్లను రక్తంలోకి గుమ్మరిస్తుంది, హెచ్‌డిఎల్ పడిపోతుంది, ఎల్‌డిఎల్ రేణువులు చిన్నవై సంఖ్య పెరుగుతుంది. నాళం గోడలో దూరి పూడిక పెట్టేవి అవే. అందుకే 118 చూసి మురిసిపోకండి. మీ అంకెల ప్రకారం మొత్తం కొలెస్ట్రాల్ దాదాపు 194. అందులోంచి హెచ్‌డిఎల్ తీసేస్తే 160. ఇది కనీసం 130 లోపుకు రావాలి.

నడుము మన మగవాళ్లకు 90 దాటకూడదు. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు. బొజ్జ కింద బెల్టు పెట్టుకునేవారికి అది ఏళ్ల తరబడి మారదు! చివరి పక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యన, ఊపిరి వదిలాక టేపు పెట్టి కొలవండి.

ఇన్సులిన్ పరీక్ష తప్పనిసరి కాదు, పై అంకెలే చాలు. చేయించుకుంటే 8 నుంచి 12 గంటలు పరగడుపున, షుగర్‌తో కలిపి ఒకే నమూనాలో చేయించండి. రెండింటినీ గుణించి 405తో భాగించాలి. షుగర్ 98, ఇన్సులిన్ 16 అయితే 3.9 వస్తుంది. 2.5 దాటితే అనుమానించాల్సిందే. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వేసుకుంటుంటే ముందే చెప్పండి, కొన్ని యంత్రాల్లో అంకె తారుమారవుతుంది. ల్యాబ్ మారిస్తే పాత అంకెతో పోల్చవద్దు.

టీఎంటీ పట్టుకునేది రక్తప్రవాహానికి అడ్డుపడేంత పెద్ద పూడికనే, అంటే సుమారు 70 శాతం. అంతకంటే చిన్న పూడిక చిట్లి, గడ్డ కట్టినా గుండెపోటు వస్తుంది. నాన్నగారి చరిత్ర ఉంది కాబట్టి కాల్షియం స్కోర్ సీటీ (గుండె నాళాల్లో గట్టిపడిన పూడికను కొలిచే స్కాన్) గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. ఇంజెక్షన్, డై ఉండవు. స్కోర్ 100 దాటితే సాధారణంగా స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెడతారు. సున్నా వస్తే సంతోషమే, కానీ మీ వయసులో మెత్తటి పూడిక ఇంకా గట్టిపడి ఉండకపోవచ్చు. లైపోప్రోటీన్ ఎ (ఎల్‌డిఎల్ లాంటి మరో రేణువు) కూడా ఒక్కసారి రక్తపరీక్షలో చూపించుకోండి, అది వంశపారంపర్యం.

చేయాల్సింది: 4 నుంచి 5 కిలోలు తగ్గడం. రోజుకు నాలుగు ఫిల్టర్ కాఫీలు తాగే అలవాటుంటే, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అంటే 30 గ్రాముల పైమాటే. మొదట అది తీసేయండి. పొద్దున పొంగలి బదులు పెసరట్టు, సాయంత్రం బజ్జీ బదులు సుండల్ (ఉడికించిన శనగల గుగ్గిళ్లు). రాత్రి అన్నం సగం చేసి పప్పు, కూర పెంచండి. తిన్నాక 15 నిమిషాలు నడవండి. వారానికి రెండుసార్లు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, 12 చొప్పున మూడు విడతలు. చక్కెరను ఎక్కువగా వాడుకునేవి తొడ కండరాలే. మద్యం ఉంటే మానండి, ట్రైగ్లిజరైడ్లు వారాల్లోనే దిగుతాయి. చెన్నై డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మధుమేహానికి ముందు దశలో ఉన్నవారిలో నడక, తిండి మార్పులతో మూడేళ్లలో షుగర్ వచ్చినవారు 55 శాతం నుంచి 39 శాతానికి తగ్గారు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించండి.

ప్రశ్న: స్టాటిన్ వేసుకుంటే షుగర్ వస్తుందట. మానేయనా?

జవాబు: మానకండి. అంచున ఉన్నవారిలో షుగర్ కాస్త పెరిగే మాట నిజమే, గుండెకు జరిగే మేలు అంతకంటే పెద్దది. ఇంకోటి: స్టాటిన్ మొదలుపెట్టాక కాల్షియం స్కోర్ పెరిగితే కంగారు పడొద్దు. మెత్తటి పూడిక గట్టిపడుతోందన్నమాట, ఆ స్కాన్ మళ్లీ మళ్లీ తీయించడం దండగ.