మీ ప్రశ్నకు జవాబు: ఇంకుడు గుంత పొంగి వంటింటి నీళ్లు సర్వేపల్లి కాలవలోకి పోతున్నాయి

గుంత చిన్నదై పొంగడం లేదు. గిన్నెల జిడ్డు, గంజి కలిసి అడుగున, పక్కల పొరలా పట్టేశాయి, మన్ను నీళ్లు పీల్చడం లేదు. రెండో గుంత తీసినా ఇదే గతి.

సింకు పైపు నేరుగా గుంతలోకి వదిలామన్నారు. మధ్యలో జిడ్డు తొట్టి, అంటే జిడ్డును ఆపి నీళ్లను మాత్రమే గుంతకు వదిలే తొట్టి, కావాలి.

1. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు. ఇటుక కట్టి లోపల సిమెంటు పూయండి. ఎత్తడానికి వీలైన మూత పెట్టండి.

2. గుంతకు పోయే పైపు, సింకు పైపు కంటే రెండంగుళాలు కిందికి ఉండాలి.

3. అందరూ వదిలేసేది ఇదే: బయటికి పోయే పైపుకి తొట్టి లోపలివైపు ఒక టీ (T ఆకారపు పైపు ముక్క) నిలువుగా బిగించండి. దాని కింది కాలు నీళ్లలోకి అడుగు దిగాలి, పై నోరు నీళ్ల పైన తెరిచి ఉండాలి. టీ లేకుంటే పైన తేలే నూనె సూటిగా గుంతలోకే. ఉంటే మధ్యలోని తేట నీళ్లే పోతాయి. కాలు మరీ అడుగుకు ఆనితే బురదను లాగేస్తుంది.

4. వారానికోసారి తేలిన జిడ్డు తీసి, పాత పేపర్లో చుట్టి చెత్త బండికి వేయండి. సైడు కాలవలో వేస్తే ఈ ఖర్చంతా దండగ.

పాత గుంతలో రాళ్లు తీసి కడగండి, పక్కలా అడుగునా రెండంగుళాల మన్ను గీకి మళ్లీ నింపండి.

మీది నల్లరేగడైతే గుంతతో పని లేదు, ఇంకదు. తొట్టి నీళ్లు అరటి పాదులకు మళ్లించండి.

గుంత బావికీ బోరుకీ 50 అడుగుల దూరంలో ఉండాలి. లెట్రిన్ పైపు మాత్రం ఈ తొట్టికీ గుంతకీ కలపొద్దు.