భుజం సలుపు, అక్టోబర్ గాలి: కయాక్ మానేయాలా?

సియాటిల్ పక్కన లేక్ సమ్మామిష్ అనే సరస్సులో వారానికి నాలుగు రోజులు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడుపుతున్నానని, చలిగాలులు మొదలయ్యాక కుడి భుజం, మణికట్టు సలుపుతున్నాయని రాశారు కదా. మానేయక్కర్లేదండీ, తెడ్డు పట్టే తీరు మార్చి చూడండి.

గాలి ఎక్కువైతే మనకు తెలియకుండానే పిడికిలి బిగుస్తుంది. మణికట్టు నొప్పి చాలావరకు అక్కడిదే. పై చేత్తో నెట్టేటప్పుడు వేళ్లు కాస్త తెరవండి. భుజానికైతే, చేతులతో లాగడం మాని ఒంటిని నడుం నుంచి తిప్పండి. తెడ్డు పాదాల దగ్గర ముంచి, తుంటి దగ్గరికి రాగానే పైకి తీసేయాలి. ఇంకా వెనక్కి లాగారో, భారమంతా భుజం మీదే. నాకు పాదాలు ఆనించే పెడల్స్ ఒక మెట్టు దగ్గరికి జరిపాకే నడుం తిరగడం మొదలైంది. అంతవరకు కాళ్లు ఉత్తినే చాపుకుని కూర్చునేవాణ్ణి!

రెండు వారాలపాటు వారానికి రెండు రోజులే, నలభై నిమిషాలు చాలు. వేళ్లు తిమ్మిరెక్కినా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చినా ఫిజియోకి చూపించండి.

వాతావరణం సంగతి: వెళ్లేటప్పుడే గాలికి ఎదురుగా వెళ్లండి, అలిసిపోయాక అదే వెనక్కి తోస్తుంది. ఒడ్డు వెంబడే ఉండండి. ఎండ చూసి కాదు, నీళ్లు చూసి బట్టలు వేసుకోవాలి. 15 డిగ్రీల సెల్సియస్ లోపు నీళ్లలో పడితే ఊపిరి ఎగబీలుస్తుంది, అందుకే లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి. కాటన్ హుడీ వద్దు. నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి మారాక సాయంత్రం ఐదు లోపే సూర్యుడు దిగిపోతాడు, ఆఫీసయ్యాక వెళ్దామంటే కుదరదు.