టి-12 ఫిరంగి మీద రాసేటప్పుడు

చి. కిరణ్‌కి ఆశీస్సులు.

ట్యాంకులను కొట్టే సోవియట్ ఫిరంగి టి-12 మీద వ్యాసం రాస్తున్నానన్నావు. తేదీలతో మొదలుపెట్టకు, గుండుతో మొదలుపెట్టు. ఆ ఫిరంగి రూపం గుండును బట్టి వచ్చిందే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్యాంకుల ముందరి కవచం బాగా మందమైంది. దాన్ని ఛేదించే దారులు రెండు. ఒకటి హీట్ షెల్: పేలగానే లోపలి లోహపు తొడుగు సన్నని ధారగా మారి కవచంలోకి దూసుకుపోతుంది. గొట్టంలో గాడులుంటే గుండు గిరగిరా తిరుగుతుంది, ఆ తిరుగుడుకి ధార చెదిరి పదును తగ్గుతుంది. రెండోది సన్నగా, పొడుగ్గా ఉండే లోహపు బాణం. అంత పొడవైనదాన్ని తిప్పి నిలకడగా ఉంచలేం, తోకకు రెక్కలు పెట్టాల్సిందే. రెండింటికీ సరిపడేది గాడుల్లేని నున్నటి గొట్టం. ఇక్కడ మాత్రం పొదుపు చెయ్యకు, నాలుగు బొమ్మలైనా వెయ్యి.

సైబీరియాలోని యుర్గా కర్మాగారంలో రూపొందిన టి-12ను 1961లో సోవియట్ సైన్యం తీసుకుంది. కొన్ని చోట్ల 1955 అని కనిపిస్తుంది, దాన్ని ఎత్తి రాయకు. 'నున్నటి గొట్టం ఉన్న ట్యాంకు వ్యతిరేక ఫిరంగుల్లో ప్రపంచంలో మొదటిది' అని ఊరికే అనెయ్యకు కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడిన 81 మి.మీ. ఫిరంగి పీఏడబ్ల్యూ 600 కూడా నున్నటి గొట్టమే, కాకపోతే దాని గుండు వేగం సెకనుకు 520 మీటర్లే. టి-12 కుటుంబం బాణానిది 1,575 మీటర్లు. కిలోమీటరు దూరంలో సుమారు 215 మి.మీ. ఉక్కును చీలుస్తుంది. 'ఉక్కు' అన్న మాట వదలకు, పొరల కవచానికి ఆ లెక్క పనికిరాదు.

చాలామంది జారేది ఇంకోచోట. టి-55 ట్యాంకు ఫిరంగి నోరూ 100 మి.మీ. కాబట్టి గుండ్లు ఒకటే అనుకుంటారు. కాదు. దాని గొట్టానికి గాడులున్నాయి. వాటి గుండ్లు వీటికి, వీటివి వాటికి పడవు.

టి-12ను మెరుగుపరిచి తెచ్చిన ఎంటీ-12 గురించి క్లుప్తంగా చాలు. గొట్టం దాదాపు అదే, మారింది దాన్ని మోసే చక్రాల బండి. పాత బండి 85 మి.మీ. డి-48 ఫిరంగి నుంచి వచ్చింది, ట్రాక్‌ల ట్రాక్టరు వేగంగా లాగితే తట్టుకోలేదు. అందుకే 1970 ప్రాంతంలో చక్రాల కుదుపును తట్టుకునే టార్షన్ బార్ సస్పెన్షన్‌ను మార్చి కొత్త బండి తెచ్చారు. బరువు 2,750 కిలోల నుంచి 3,100కి చేరింది. ట్రాక్‌ల మీద నడిచే ఎంటీ-ఎల్‌బీ వాహనం వెనక గంటకు 60 కి.మీ. వేగంతో పోగలదు. గొట్టం కొసన రంధ్రాలతో ఉప్పుడబ్బాలా కనిపించే, వెనక్కి తన్నే దెబ్బ తగ్గించే మజిల్ బ్రేక్ రెండింటికీ ఉంది, దాన్ని బట్టి ఫొటో కింద పేరు రాసేవు సుమా.

నిమిషానికి 14 గుండ్లన్నది పై హద్దు. కింది హద్దు 6 కూడా రాయి. 1981లో వచ్చిన, ఈ గొట్టం నుంచే పేల్చే, లేజర్ కిరణం వెంట పోయే కాస్తెట్ క్షిపణికి ఓ పేరా చాలు.

మామయ్య