ఏ డబ్బా పాలు మంచివని అడిగావు

చిరంజీవి లావణ్యకు,

31వ వారంలో పుట్టి ఇప్పుడు 1400 గ్రాములున్న బిడ్డకు డబ్బా పేరు మూడో ప్రశ్న. మొదటిది నీ పాలు. రెండోది, పాల బ్యాంకులో పాశ్చరైజ్ చేసిన దాత పాలు. ఆ రెండూ చాలనప్పుడే డబ్బా. నెలలు నిండని బిడ్డ పేగు ఇంకా లేతది. పేగు వాచి కుళ్లే జబ్బు (మీ డాక్టర్లు ఎన్ఈసీ అంటారు) డబ్బా పాలతో పెరిగే పిల్లలకు ఎక్కువగా వస్తుంది.

కాబట్టి ముందు పిండడం సరిచూసుకో. రోజుకు ఎనిమిది సార్లు పిండాలి, అందులో ఒకసారైనా రాత్రిపూట. చెంచాడే వచ్చిందని పారబోయకు. బిడ్డ పొట్టకు ఆ చెంచాడూ లెక్కే. చాలకపోతే దాత పాల సంగతి డాక్టరుగారిని అడుగు. హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి పాల బ్యాంకు ఉంది. పక్కింటి బాలింత ఎంత మంచిదైనా సరే, ఆమె పాలు నేరుగా పట్టించవద్దు. పరీక్షించని పాలతో జబ్బులు అంటుకోవచ్చు.

నీ పాలలో కలిపే చిన్న సాషే డబ్బా పాలు కాదు, దాన్ని చూసి బెంగపడకు. తల్లిపాలలో 100 మి.లీ.కు సుమారు 67 క్యాలరీలుంటాయి. కిలోన్నర లోపు బిడ్డ ఎముకలకు కావలసినంత కాల్షియం, భాస్వరం, ఎదుగుదలకు ప్రోటీను వాటిలో చాలవు. ఆ లోటు తీర్చేది ఫోర్టిఫయర్. ఒక సాషే ఎన్ని మి.లీ.కు అన్నది కంపెనీని బట్టి మారుతుంది, సిస్టర్ కొలిచిందే కొలత. కలిపి చాలాసేపు ఉంచితే పాల గాఢత పెరుగుతుంది. పట్టే ముందే కలపమను.

ఇక డబ్బానే దిక్కయితే, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ప్రీటర్మ్ ఫార్ములా, అంటే నెలలు నిండని పిల్లల కోసం చేసిన డబ్బా పాలు. 100 మి.లీ.కు సుమారు 80 క్యాలరీలు, ప్రోటీను ఎక్కువ, లాక్టోజ్ కొంత తగ్గించి ఉంటుంది. మందుల షాపులో దొరికే మామూలు స్టేజ్ 1 డబ్బా నెలలు నిండిన పిల్లలది. ఇంటికి వచ్చాక ఏది వాడాలో బరువు చూసి డాక్టరు చెబుతారు. సోయా పాలు వద్దు, ఈ పిల్లల ఎముకలు వాటితో సరిగా గట్టిపడవు. ఆవు పాలు, వీధిలో అమ్మే గాడిద పాలు, వస, ఆముదం, తేనె, గ్రైప్ వాటర్... అత్తగారు ఎంత ప్రేమగా తెచ్చినా ఒక్క చుక్క కూడా పోయవద్దు.

లెక్క ఇలా. కిలోకు రోజుకు 150 మి.లీ. అంటే 1400 గ్రాములకు 210 మి.లీ. రెండు గంటలకోసారి పడితే ఒక్కో సారికి 17, 18 మి.లీ. అక్కడికి చేరడానికి రోజుకు కిలోకు 30 మి.లీ. చొప్పున పెంచుతారు, అవసరమైతే కిలోకు 180 మి.లీ. దాకా వెళ్తారు. 34వ వారం వచ్చేదాకా చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక్కసారి కుదరవు. అందుకే పొట్టలోకి పాలు పంపే ట్యూబు, తర్వాత ఉగ్గుగిన్నె. సీసాకు తొందరపడకు.

పాలు పడలేదని ఎప్పుడు అనుకోవాలి? కొంచెం కక్కితే కాదు. ట్యూబులో కొద్దిగా పాలు మిగిలినా కాదు, చిన్న పొట్ట మెల్లగా ఖాళీ అవుతుంది. ముక్కుకు గాలి మిషను పెట్టిన బిడ్డకు ఆ గాలితోనే పొట్ట ఉబ్బుతుంది. నల్ల విరేచనం (కాటుక దొడ్డి) ఇంకా పూర్తిగా పోకపోయినా ఉబ్బుతుంది. ఇలాంటప్పుడు డబ్బా మార్చేస్తే అసలు కారణం దొరకదు. ఒకే రోజు పాలు, సాషే, కొలత మూడూ మారిస్తే ఏది పడలేదో డాక్టరుకూ తెలియదు. ఒక్కొక్కటే మార్చమని అడుగు.

ఆకుపచ్చ వాంతి, దొడ్డిలో రక్తం, పొట్ట బిగుసుకుని మెరవడం, ఊపిరి ఆగి ఆగి రావడం, బిడ్డ చల్లబడి వడలిపోవడం: వీటిలో ఏ ఒక్కటి కనబడినా పాలు ఆపి వెంటనే సిస్టర్‌ని పిలువు. ఇంట్లో అయితే ఆ నిమిషమే ఆసుపత్రికి బయలుదేరు.

ఇంట్లో పొడి కలపాల్సి వస్తే, పొడిలో క్రిములు ఉండవచ్చని గుర్తుంచుకో. మరిగించి దించిన నీళ్లు అరగంట దాటకుండా, 70 డిగ్రీలకు తగ్గకముందే గిన్నెలో పోసి, ఆ డబ్బాలో వచ్చిన స్కూపుతోనే సమంగా కొలిచి కలుపు. గోరువెచ్చగా చల్లార్చి పట్టు. రెండు గంటలు దాటినవి, బిడ్డ వదిలేసినవి పారబొయ్యి. బలానికని పొడి ఎక్కువ వేస్తే పేగు మీద భారం. పొదుపుకని నీళ్లు ఎక్కువ పోస్తే బరువు పెరగదు, రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు.

బరువు రోజుకు కిలోకు 15 నుంచి 20 గ్రాములు పెరగాలి, అంటే మీ బిడ్డకు 21 నుంచి 28. ఒక్కరోజు తగ్గితే కంగారుపడకు, వారం సగటు చూడు. ఈ వారం బరువు, పిండిన పాల కొలత రోజువారీగా రాసి పంపు.

ఆశీస్సులతో,
పిన్ని