హైబ్రిడ్ కొనేముందు పాత కారు మీటర్ చూడండి

ప్రశ్న: సార్, నాకు 39 ఏళ్లు. బాచుపల్లిలో ఉంటాం, ఆఫీసు గచ్చిబౌలి. నెలకు చేతికొచ్చేది 1,45,000. అందులో ఇంటి లోన్ ఈఎంఐ 46,000. ఐదేళ్ల క్రితం కొన్న మాన్యువల్ పెట్రోల్ కారు ఇచ్చేసి, పెట్రోల్ ఇంజిన్‌తో పాటు మోటార్, పెద్ద బ్యాటరీ కూడా ఉండే స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎస్‌యూవీ తీసుకుందామనుకుంటున్నాం. అదే బండిలో మామూలు పెట్రోల్ ఆటోమేటిక్ కన్నా ఆన్‌రోడ్ 3,20,000 ఎక్కువ పడుతోంది. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతామని చెబితే, మూడున్నరేళ్లలో ఆ తేడా పెట్రోల్‌లోనే వచ్చేస్తుందని షోరూమ్‌లో లెక్క వేసి ఇచ్చారు. డాలస్‌లో ఉండే మా బావగారు కూడా హైబ్రిడ్డే తీసుకోమంటున్నారు. 15 లక్షలు ఏడేళ్లకు లోన్ పెట్టుకోవచ్చా? బ్యాటరీ ఖర్చు తడిసి మోపెడవుతుందని మా నాన్నగారి భయం.

జవాబు: మీ మెయిల్ రాగానే పాత కారు మీటర్ ఫొటో పంపమన్నాను కదా, పంపారు. 48,600. ఐదేళ్లకి అంతంటే ఏడాదికి పదివేలు కూడా నిండలేదు. మీరు రాసిందేమో నెలకు 1,500, అంటే ఏడాదికి 18,000. మీరు అబద్ధం చెప్పారని కాదండీ, నా దగ్గరికి కారు లోన్ అని వచ్చేవాళ్లలో చాలామంది ఇలాగే చెప్తారు, ఎందుకంటే ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుంటే ఇరవై కిలోమీటర్లు కూడా యాభైలా అనిపిస్తాయి. మీ ఆఫీసు కూడా ఇప్పుడు హైబ్రిడే, వారానికి మూడు రోజులే వెళ్తున్నానన్నారు. రోజుకి రానుపోను 40 చొప్పున ఏడాదికి 5,800 దాకా, శని ఆదివారాల తిరుగుడు ఓ 2,300, పండక్కీ ఎండాకాలం సెలవులకీ రెండుసార్లు రాజమండ్రి వెళ్లొస్తే 1,700. కూడితే మళ్లీ అదే పదివేలు. మీటర్ చెప్పిందే నిజం.

ఇప్పుడు షోరూమ్ వాళ్ల కాగితం చూద్దాం. మామూలు పెట్రోల్ బండికి లీటరుకి 12 వేశారు, హైబ్రిడ్‌కి 28 వేశారు. ఇక్కడే ఉంది తిరకాసు. 12 అనేది మన కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఆటోమేటిక్ నిజంగా ఇచ్చే మైలేజీ, 28 అనేది బండ్లను పరీక్షించే ఏఆర్‌ఏఐ సంస్థ ల్యాబ్‌లో రోలర్ల మీద నడిపి తీసిన మైలేజీ. ఒకరిని రోడ్డు మీదా ఇంకొకరిని ల్యాబ్‌లోనూ పరిగెత్తించి ఎవరు ముందొచ్చారో చెప్పినట్టుంది. రెండింటికీ ల్యాబ్ అంకెలే తీసుకుంటే, మారుతీ గ్రాండ్ విటారా ఎస్‌యూవీలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌కి 27.97, మనం మామూలు పెట్రోల్ ఆటోమేటిక్ అంటున్న మైల్డ్ హైబ్రిడ్‌కి (దీని సంగతి కింద చెప్తాను) 20.58. ఆ లెక్కన మీ పదివేల కిలోమీటర్ల మీద మిగిలేది ఏడాదికి 14 వేల లోపే, 3,20,000 తిరిగి రావడానికి ఇరవై మూడేళ్లు. అదీ అన్యాయమే, ఎందుకంటే హైబ్రిడ్ బలం సిటీ ట్రాఫిక్‌లోనే కనిపిస్తుంది.

అందుకని నిజానికి దగ్గరగా ఉండే అంకెలు వేశాను. సిటీలో 8,000, హైవేలో 2,000. పెట్రోల్ ఆటోమేటిక్ సిటీలో 12, హైవేలో 17 ఇస్తే 785 లీటర్లు తాగుతుంది. హైబ్రిడ్ సిటీలో 21, హైవేలో 20 ఇస్తే 480 లీటర్లు. ఈ 21, 20 నా సొంత బండివి, మూడేళ్లుగా బంకులో నింపిన ప్రతిసారీ రాసుకున్నవి (మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీండి). తేడా 305 లీటర్లు, లీటరు 107 రూపాయల చొప్పున ఏడాదికి 32,500. అంటే మీ 3,20,000 తిరిగి రావడానికి దాదాపు పదేళ్లు. బ్యాటరీ మీద ఇలాంటి బండ్లకు సాధారణంగా ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. మీ విషయంలో కిలోమీటర్లు కాదు, ఏళ్లే ముందు అయిపోతాయి. పెట్టిన డబ్బు వెనక్కి రాకముందే వారంటీ ముగుస్తుందన్నమాట.

అదే నిజంగానే 18,000 తిరిగేవాళ్లయితే ఏడాదికి 58 వేల దాకా మిగిలేది, అయిదారేళ్లలో తేలిపోయేది, నేనే దగ్గరుండి కొనిపించేవాణ్ని. రోజూ ఎల్బీ నగర్ నుంచి పటాన్‌చెరు వెళ్లొచ్చే మనిషికి చెప్పే సలహా వేరు.

లోన్ దగ్గర అసలు దెబ్బ తగులుతుంది. ఈ అదనపు 3,20,000 కూడా లోన్‌లోనే కలుపుతున్నారు కదా. 9 శాతానికి ఏడేళ్లంటే దాని వాటా ఈఎంఐ ఒక్కటే నెలకు 5,150. పెట్రోల్‌లో మిగిలేది నెలకు 2,700. బంకులో మిగిలినదాన్ని, దాని మీద ఇంకో 2,450 వేసి బ్యాంకులో కడతారు, ఏడేళ్ల పాటు. వడ్డీయే లక్షా పన్నెండు వేలు దాటుతుంది. మొత్తం 15 లక్షలకు ఈఎంఐ 24,100 పడుతుంది, ఇంటి లోన్‌తో కలిపితే 70 వేలు, అంటే మీ చేతికొచ్చే దాంట్లో సగానికి రెండు వేలే తక్కువ. మీకు ఇద్దరు పిల్లలు, జూన్ వస్తే స్కూల్ ఫీజులు. నా లెక్కలో ఈఎంఐలన్నీ కలిపి 40 శాతం దాటకూడదు. మీకైతే అది 58 వేలు, అందులో ఇల్లు పోను కారుకి మిగిలేది 12 వేలు.

ఇంటి లోన్ మీదే టాప్‌అప్, అంటే అదనపు అప్పు, తీసుకుంటే వడ్డీ తక్కువని మీ బ్యాంకు వాళ్లు చెప్పి ఉంటారు. పదిహేనేళ్ల పాటు కారుకి వడ్డీ కట్టడం నాకు నచ్చదు, అంతకుముందే ఆ కారు అమ్మేసి ఉంటారు.

బావగారి మాట కొట్టిపారేయలేం, ఆయన ఉన్నచోట ఆయన లెక్క సరైనదే. అక్కడ ఏడాదికి పన్నెండు వేల మైళ్లు, అంటే దాదాపు ఇరవై వేల కిలోమీటర్లు తిరగడం మామూలు విషయం. టయోటా వాళ్లు 2025 మోడల్ నుంచి అమెరికాలో క్యామ్రీని హైబ్రిడ్‌గానే అమ్ముతున్నారు, మామూలు పెట్రోల్ క్యామ్రీ కావాలన్నా కొత్తది దొరకదు. మన దగ్గర కథ వేరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త జీఎస్టీ వచ్చాక ఎలక్ట్రిక్ కార్ల మీద పన్ను 5 శాతమే, మీరు చూస్తున్న సైజు హైబ్రిడ్ మీద 40. పెట్రోల్ ఆటోమేటిక్‌కీ అదే 40. పెట్రోల్ తక్కువ తాగుతుందని దానికి పన్నులో ఒక్క పైసా తగ్గింపు లేదు. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకిచ్చిన రోడ్ ట్యాక్స్ మినహాయింపూ దీనికి రాదు. ఇన్సూరెన్స్‌లో మాత్రం థర్డ్ పార్టీ ప్రీమియం మీద హైబ్రిడ్‌కి 7.5 శాతం తగ్గింపు ఉంది. 1,500 సీసీ లోపు బండికి 3,416లో అది 256 రూపాయలు. ఆ డబ్బుతో నలుగురూ టిఫిన్ చేయొచ్చు, అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

ఇంకొకటి, మీ రెండు కొటేషన్లలోనూ హైబ్రిడ్ అనే మాట ఉందని అయోమయపడ్డారు. తక్కువ ధరది మైల్డ్ హైబ్రిడ్. అందులో మోటార్ ఇంజిన్‌కి కాస్త చేయి సాయం చేస్తుందే తప్ప బండిని ఒంటరిగా లాగలేదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే నెమ్మదిగా పోయేటప్పుడు ఇంజిన్ ఆపేసి మోటార్ మీదే నడుస్తుంది, బ్రేకు వేసినప్పుడల్లా తనే చార్జ్ అవుతుంది, ప్లగ్‌తో పని లేదు.

ఇక నాన్నగారి భయం సంగతి. ఇందులో ఆయన అనుకున్నంత లేదండీ. మూడేళ్లలో, 41,000 కిలోమీటర్లలో నా బండి ఖర్చు నా పాత పెట్రోల్ కారు కన్నా ఎక్కువ కాలేదు. క్లచ్ ప్లేట్లు లేవు, స్టార్టర్ మోటార్ లేదు, ఆల్టర్నేటర్ లేదు, అవి పాడయ్యే గొడవే లేదు. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు ఇంకా సగానికి పైగా ఉన్నాయని మొన్న సర్వీసులో చూపించారు. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మామూలే. బ్యాటరీ కరెంటును మోటార్‌కి అందించే ఇన్వర్టర్‌కి విడిగా కూలెంట్ ఉంటుంది, దాని మార్పు ఎప్పుడో మాన్యువల్‌లో చూసుకోండి.

నాకు ఎదురైన తలనొప్పులు రెండే. ఒకటి, ఊరెళ్లి నెల తర్వాత వస్తే బండి అసలు లేవలేదు. పెద్ద బ్యాటరీ బాగానే ఉంది, కంప్యూటర్లని నిద్రలేపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయింది. లక్షల బండి ఆ చిన్న డబ్బా కోసం సెల్లార్‌లో మొండికేసి కూర్చుంది. పక్క ఫ్లాట్ ఆయన కారుతో జంప్ స్టార్ట్ చేసుకున్నాం. రెండోది, ఒక సర్వీస్ సెంటర్‌లో "హైబ్రిడ్ బ్యాటరీ క్లీనింగ్ ట్రీట్‌మెంట్" అని బిల్లులో 2,800 వేశారు. ఏంటది చూపించండి అంటే, వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి పోయే చిన్న ప్లాస్టిక్ జాలీ ఉంటుంది, అది ఊడదీసి ఫిల్టర్ దులిపారు. లోపల మా అబ్బాయి దోపిన మరమరాలు, ఒక పెన్సిల్ ముక్క. బిల్లులోంచి అది తీసేయించాను. ఇప్పుడు రెండు నెలలకోసారి నేనే వాక్యూమ్ పెడతాను, పది నిమిషాల పని. అక్కడ సామాన్లు మాత్రం అడ్డం పెట్టకూడదు, గాలి ఆడకపోతే బ్యాటరీ వేడెక్కుతుంది, బ్యాటరీకి వేడి అసలు పడదు. బయట షాపులో వైర్లు కోసి లైట్లూ హారన్లూ పెట్టించుకునే సరదా ఉంటే మానేయండి, వారంటీ ఇరుకున పడుతుంది. మీ వైపు సెల్లార్లలోకి వర్షం నీళ్లు రావడం కొత్తేం కాదు కాబట్టి ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్‌తో పాటు బ్యాటరీకి వర్తించే యాడాన్ (అదనపు కవర్) కూడా ఉందో లేదో రాతలో తీసుకోండి. ఇక బ్యాటరీ కోసమని నెలకు 1,000 రికరింగ్ డిపాజిట్ కట్టండి, ఎనిమిదేళ్ల తర్వాత అవసరం పడితే ఉంటుంది, పడకపోతే మీ డబ్బు మీదే.

సుఖం మాటకొస్తే, అది నిజమే. పొద్దున సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోయినా ఏసీ చల్లగా వస్తూనే ఉంటుంది, కంప్రెసర్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం బ్యాటరీ త్వరగా దిగి ఇంజిన్ మాటిమాటికీ లేస్తుంది, మైలేజీ కూడా కాస్త పడిపోతుంది. సెల్లార్‌లో చప్పుడు లేకుండా వెనక నుంచి వస్తుంటే మా వాచ్‌మన్ రెండుసార్లు ఉలిక్కిపడ్డాడు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే ఇంజిన్ ఒకే శృతిలో గోల పెడుతుంది, అది కొందరికి చికాకు. కానీ మీరు రాసిన ఎడమ మోకాలి నొప్పి క్లచ్ వల్ల వచ్చింది, దాన్ని మామూలు ఆటోమేటిక్ కూడా తగ్గిస్తుంది. 3,20,000 పెట్టి కొంటున్నది ఆ మిగతా నిశ్శబ్దం. కొనడం తప్పని అనను, నేనూ కొన్నాను. దాన్ని పొదుపు ఖాతాలో రాసుకోకండి, సరదా ఖాతాలో రాసుకోండి. సరదాకి అప్పు చేయకండి.

కాబట్టి నా సలహా ఇది. పాత బండి ఐదేళ్లదే, ఇబ్బంది పెట్టడం లేదు. మార్చి బోనస్ వచ్చేదాకా ఆగండి, అప్పటిదాకా ఆ 12 వేలూ నెలనెలా పక్కన వేయండి, ఈఎంఐ కడుతున్నట్టే అలవాటవుతుంది. బోనస్, పాత బండి ధర, ఈ డబ్బు కలిపి డౌన్ పేమెంట్ కట్టాక, ఐదేళ్ల లోన్‌కి ఈఎంఐ 12 వేలలోపు వస్తే అప్పుడు హైబ్రిడ్ తీసుకోండి. అంటే లోన్ 5,75,000 మించకూడదు. రాకపోతే పెట్రోల్ ఆటోమేటిక్, అదీ కాకపోతే నాలుగు మీటర్లలోపు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఆటోమేటిక్. వాటి మీద జీఎస్టీ ఇప్పుడు 18 శాతమే, మీ నలుగురికీ సరిపోతుంది. అత్యవసరానికి ఉంచిన 6 లక్షల ఎఫ్‌డీ జోలికి మాత్రం వెళ్లకండి. మీ అసోసియేషన్ వాళ్లు పార్కింగ్‌లో చార్జర్‌కి ఒప్పుకుని ఉంటే రోజుకి 40 కిలోమీటర్లకి ఎలక్ట్రిక్ గురించే మాట్లాడుకునేవాళ్లం, ఒప్పుకోలేదన్నారు కాబట్టి వదిలేశాను.

ఈలోగా టెస్ట్ డ్రైవ్‌కి మాత్రం వెళ్లండి, ఖాళీ ఆదివారం కాదు, సోమవారం ఉదయం తొమ్మిదింటికి, జేఎన్‌టీయూ నుంచి హైటెక్ సిటీ వైపు. రాజమండ్రి వెళ్లేటప్పుడు పెట్టే పెద్ద సూట్‌కేసులు రెండూ తీసుకెళ్లి డిక్కీలో పెట్టి చూడండి, ఇలాంటి ఎస్‌యూవీల్లో బ్యాటరీ డిక్కీలో చోటు తినేస్తుంది. అత్తగారు కట్టిచ్చే పాతిక కేజీల బియ్యం మూట, ఆవకాయ జాడీ ఎక్కడ పెడతారో ఇప్పుడే తేల్చుకోండి. వచ్చేటప్పుడు కొటేషన్‌లో "ఎసెన్షియల్ కిట్" అని రాసిన 18,500 దేనికో అడిగి, వాళ్లేం చెప్పారో నాకు రాయండి.