ఉద్యోగం మానేస్తే బిడ్డ నా దగ్గర ఉండడా?

ప్రశ్న: మాది గుంటూరు పట్టాభిపురం. విజయవాడలో ఓ ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. బాబుకు పది నెలలు. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయి, ఇప్పుడు జీతం లేని సెలవులో ఉన్నాను. రెండేళ్లు వచ్చేదాకా నా పాలే ఇచ్చి, పక్కలో పడుకోబెట్టుకుని నేనే పెంచుకోవాలని నా కోరిక. మా ఆయన మాత్రం డబ్బాపాలు అలవాటు చేసి, బాబును అత్తగారి దగ్గర వదిలి డ్యూటీలో చేరమంటున్నారు. 'సంపాదన లేనిదానికి బిడ్డను ఎవరిస్తారు, కోర్టుకెళ్తే వాడు నాకే వస్తాడు' అంటున్నారు. నిజమేనా? ఇన్ని సూదులెందుకని రెండు టీకాలు వాయిదా వేశాను. దానివల్ల ఇబ్బందేమైనా ఉంటుందా?

జవాబు: మీ ఆయన మాటకు భయపడకండమ్మా. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది 'ఉద్యోగం మానమంటున్నారు' అని వస్తారు. మీది తిరగబడిన గొడవ. పెళ్లయినావిడ ఇంట్లోనే ఉండాలని గానీ, సంపాదించి తీరాలని గానీ ఏ చట్టంలోనూ లేదు.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ సహజ సంరక్షకుడిగా తండ్రిని ముందు చెప్పినా, ఐదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది. జీతం లేదన్న ఒక్క కారణంతో పాలు తాగే బిడ్డను తల్లి నుంచి విడదీయరు. తండ్రికి సంపాదన ఉంటే బిడ్డ ఖర్చు ఆయన చేత ఇప్పిస్తారు. అయితే 'మామూలుగా' అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. చివరికి కోర్టు చూసేది బిడ్డ క్షేమం.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ టీకాల సంగతే. పక్కలో పడుకోబెట్టుకుంటారా, ఎన్నాళ్లు పాలిస్తారు అన్నది మీ ఇష్టం, జడ్జిగారు అడగరు. డబ్బాపాలంటారా, 1992 చట్టం ప్రకారం 'తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠం' అని ఆ డబ్బా మీదే అచ్చు వేయాలి. మీ ఆయనకు ఒకసారి తిప్పి చూపించండి. కానీ రేపు కేసంటూ పడితే ఎదుటి లాయరు ముందు అడిగేది టీకాల కార్డే. ఖాళీ గడి మీద వేలు పెట్టి 'ఈమె బిడ్డ ఆరోగ్యం పట్టించుకోలేదు' అంటాడు. ఆ మాటకు నేనైనా జవాబు చెప్పలేను. తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్-రుబెల్లా కూడా ఆగిపోయి ఉంటే, అన్నీ కలిపి ఈ వారమే డాక్టరుకు చూపించి వేయించండి. తేదీలు కార్డులో రాయించుకోండి. ఇది కేసు కోసం చెబుతున్న మాట మాత్రమే కాదు, నాకూ మనవలున్నారు.

ఇక ఉద్యోగం. రాజీనామా చేసే హక్కు మీది, కాదనను. కానీ కోపంలో చేయకండి. బిడ్డకు పదిహేను నెలలు వచ్చేవరకు, మామూలు విశ్రాంతి సమయం కాకుండా, పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ హక్కు ఉంది. విజయవాడ ఆఫీసు నుంచి ఆ కాస్త విరామంలో గుంటూరు వచ్చి పాలిచ్చి వెళ్లేదెలా అంటారా? అందుకే 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్, అంటే చంటిపిల్లల్ని చూసుకునే చోటు ఉండాలన్నారు. రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. అకౌంట్స్ పని కాబట్టి కొన్నాళ్లు ఇంటి నుంచి చేస్తానని కూడా అడగవచ్చు. అది కంపెనీ ఒప్పుకుంటేనే. రెండూ మెయిల్‌లో అడగండి, ఫోన్‌లో కాదు.

అప్పటికీ మానేయాల్సి వస్తే? భర్త పోషించకపోతే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద మీకూ బాబుకూ భరణం అడగవచ్చు. కేసు తేలేలోపు ఇప్పించే మధ్యంతర భరణం పిటిషన్‌ను నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలి. పిల్లల్ని పెంచడానికి ఉద్యోగం వదులుకున్న సంగతిని లెక్కలోకి తీసుకోవాలని 2020లో రజ్నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అవతలివాళ్లు 'చదువుకుని కావాలని ఖాళీగా కూర్చుంది' అని వాదిస్తారు, అది ఖాయం. బిడ్డ చంటివాడుగా ఉన్నంతకాలం ఆ వాదనకు బలం తక్కువ. బడికి వెళ్లే వయసు వచ్చాక మాత్రం ఇదే పరిస్థితి ఉండదు. ఖర్చులకు డబ్బు ఆపేసి మిమ్మల్ని లొంగదీయాలని చూస్తే, అది 2005 గృహహింస చట్టం కింద ఆర్థిక హింస అవుతుంది.

వీటన్నిటికంటే ముందు అత్తగారితో ఓసారి కూర్చోండి. సాయంత్రం రెండు గంటలు బాబును ఆవిడ ఒడిలో పెడితే మీ పాలకు వచ్చే లోటేమీ లేదు. తండ్రినీ నాయనమ్మనూ బిడ్డ దగ్గరకు రానివ్వలేదన్న మాట మాత్రం మీ మీద పడనివ్వకండి. అయినా మాట వినకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును పెడతారు. ఫోన్ చేయాలంటే 15100. వెళ్లేటప్పుడు పెళ్లి ఫొటో, బాబు జనన ధ్రువపత్రం, మీ పాత జీతం స్లిప్పులు, నింపించిన ఆ టీకాల కార్డు పట్టుకెళ్లండి.